మిద్దె మింద చౌడు

ఇప్పుడు మా అనంతపురంలో ఇల్లు కట్టుకునేవాళ్లలో హేమ మేడమ్ తెలియనోళ్లు తక్కువ. పాత ఇంటికి మరమ్మతు చేయించాలని ఎవరు పిలిచినా, ఆయమ్మ పోయి వాకిట్లో నిలబడి మొదట అడిగేది నిచ్చెన. కాఫీ తాగమన్నా, కూర్చోమన్నా, "ముందు నిచ్చెన తెప్పియ్యండి" అంటాది. ఏం పొగరో అని వెనక అనుకునేవాళ్లు ఉండారు. అట్ల అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది. ఆ నిచ్చెన సంగతి నాకు తెలుసు. ఆరేండ్లు కడుపులో పెట్టుకుని తిరిగినా. ఇంక చెప్పేస్తా.

నా పేరు రామదాసు. డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజినీర్లు చెప్పింది కాగితం మింద గీసేవాణ్ణి. టవర్ క్లాక్ కాడ ప్రతాప్ సారని ఒక ఇంజినీరు ఉండె, ఆయన ఆఫీసులో ముప్పై ఏండ్లు గీసినా. నా గీతకు వంక పెట్టినోడు లేడు. నాకు కోపం ఎక్కువని మాత్రం అందరూ అంటారు. ఉండనీ.

రెండువేల మూడు ఎండాకాలంలో, మిట్టమధ్యాన్నం, ఒక పాప చెమటలు కక్కుకుంటా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. భుజాన పొడుగు డబ్బా, అందులో చుట్టిన డ్రాయింగులు.

"ఎవురమ్మా నువ్వు?" అంటి.

"ఆర్కిటెక్ట్‌ని అన్నా. పేరు హేమ. హైదరాబాదులో ఐదేండ్లు చదివినా. పని ఏమన్నా ఉంటే..."

"ఆర్కిటెక్టంటే ఇంజినీరేనా?"

"కాదన్నా."

"ఇంజినీరు కానప్పుడు ఇల్లెట్ల కడతావు?"

ఆ పాప నవ్వల్యా, కోప్పడల్యా. ఆ ప్రశ్న అప్పటికి ఎందరు అడిగింటారో. మా ఊర్లో ఆ కాలంలో ఇంటి ప్లాన్ అంటే మేస్త్రీ పుల్ల తీసుకుని నేల మింద గీస్తాడు, వాస్తు ఆయన వచ్చి దాన్ని కాలితో చెరిపి ఇంకోటి గీస్తాడు. మధ్యలో ఈ ఆర్కిటెక్ట్ ఎవురికి కావాల?

కుందుర్పి పక్క పల్లె ఆ పాపది. నాయన తిప్పేస్వామి గొర్రెలు కాసేవాడు. ఉండే గొర్రెల్లో సగం కూతురి చదువుకు అమ్మినాడు, మిగిలిన సగం మేత లేక ఆ ఏడే అమ్మినాడు. బెంగుళూరులో రెండు నెల్లు తిరిగిందంట. పోయిన చోటల్లా, ఆరు నెల్లు జీతం లేకుండా చేస్తే తర్వాత చూస్తాం అన్నారంట. జీతం లేకుండా ఆ ఊర్లో ఏం తిని బతకాల? వెనక్కి వచ్చేసింది.

"మా నాయన ఫోన్ చేసినప్పుడు పని దొరికిందా అని అడగడన్నా," అనింది. "తిన్నావా అని అడుగుతాడు. అదే కష్టం."

ఆ మాటకే నేను లేచి పోయి ప్రతాప్ సారుకు చెప్పినా. నేను చెప్పకపోయింటే బాగుండు అని తర్వాత చానాసార్లు అనుకున్నా.

ప్రతాప్ సారు తెల్ల చొక్కా, నవ్వు మొగం, మాట మెత్తన. ఆయనకు ఆ నెలలోనే ఒక పని వచ్చింది. కరువని పల్లెల్లో గంజి కేంద్రాలు నడుపుతాండె ఒక సంస్థ. పాత మిద్దెలు అడుక్కుని, వాటిల్లో పొయ్యి పెట్టి, పనిలేని కూలోళ్లకు, బాలింతలకు, ముసిలోళ్లకు మధ్యాన్నం ఇంత గంజి పోసేది. అట్లాంటివి పదకొండు మిద్దెలు. సాయం పంపేవాళ్లు, ఆ కట్టడాలు గట్టిగా ఉండాయని కాగితం ఇస్తేనే బియ్యం పంపుతాం అన్నారంట. ఆ కాగితం మేము ఇయ్యాల.

"ఆరు నెల్లు చూస్తానమ్మా," అన్నాడు సారు. "ఈ పదకొండూ సక్రమంగా ఒప్పజెప్తే పర్మనెంట్. లేదంటే నీ దారి నీది. తనిఖీ చేసినవారు అని కింద గీత ఉంటాది, ఆడ నీ సంతకం."

ఆ గీత కాడ ఆయనకు తన పేరు గాక ఇంకొకరి పేరు కావాల. అది నాకు ఆ పొద్దే తెలుసు. నోరు తెరిస్తే నా పని పోతాది, మూసుకున్నా. ఆ పాప మాత్రం ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి నాయనకు ఫోన్ చేసి వచ్చింది. ఆ మొగం చూసినోడు ఎవుడూ ఆపలేడు.

పది మిద్దెలు బాగనే జరిగినాయి. పదకొండోది బెళుగుప్పకు పడమర పక్క ఒక ఊర్లో. ఊరి పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా ఉండారు. అది ఈశ్వరప్ప అనే పెద్ద రైతుది. ఆయన కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకుని, పాత మిద్దెను గంజి కేంద్రానికి ఇచ్చినాడు. నలభై మంది ఆడ గంజి తాగి, బయట ఎండ తాళలేక సాయంత్రం దాకా ఆ చల్లదనంలోనే పండుకునేవాళ్లు.

మిద్దె అంటే ఈ కాలం పిల్లోళ్లకు తెలియదేమో. రాతి గోడలు, పైన దూలాలు, దూలాల మింద బండలు, బండల మింద మన్ను, ఆ మన్ను మింద చౌడు. చౌడంటే మా పక్క దొరికే ఉప్పు మన్ను. పరిచి తొక్కితే నీళ్లు కిందికి దిగనియ్యదు. వెలుతురుకని మిద్దెకు నడిమధ్య ఒక బొక్క పెడతారు, దాన్ని గవాచి అంటారు.

ఆ పాప టేపు పట్టుకుని గోడ గోడా కొలిచింది. నేను ఈశ్వరప్ప పక్కన అరుగు మింద కూర్చుని మజ్జిగ తాగుతాండా.

"పైకప్పు మందం ఎంత రాయాలన్నా?" అని లోపల్నుంచి అడిగింది.

"తొమ్మిది అంగుళాలు రాసుకో."

"ఎక్కి చూద్దామా అన్నా? నిచ్చెన ఉంటే..."

"ఈ ఎండలో నిచ్చెన యాడ తెచ్చేది?" అని గసిరినా. "మిద్దె అంటే తొమ్మిదే. ముప్పై ఏండ్లుగా తొమ్మిదే రాస్తాండా. ఒక్క మిద్దె ఏమన్నా పడిందా?"

రాసుకునింది. చిన్నపిల్ల, మొదటి ఉద్యోగం, పెద్దోడు చెప్పినాడు. మిగిలిన పది మిద్దెల కాడ నిచ్చెన వేసి ఉండె, ఎక్కి చూసింది. ఈడ లేకపాయ. నా నోట్లో మన్ను పడ, ఆ ఒక్క నిచ్చెన తెప్పించింటే సరిపోయుండు.

రెండు దినాలకు ఆఫీసులో బొమ్మ గీస్తా గీస్తా నిలిచిపోయింది. "రామదాసన్నా, ఆ గవాచి కింద వెలుతురు చానా తక్కువ పడతాండాది. అంత పెద్ద బొక్కకు ఇంకా పెద్దగా పడాల."

"వెలుతురు గీస్తే ఎవుడు దుడ్లిస్తాడు? గోడలు గియ్యి," అంటి.

ఆదివారం ఎవురికీ చెప్పకుండా బస్సెక్కి ఒక్కతే పోయింది. ఆ ఊర్లో అక్కమ్మ అని ఉండె. యాభై ఏండ్ల మనిషి, గట్టిది, నవ్వితే వీధి చివరికి వినిపిస్తాది. మొగుడు పుల్లన్న కూలికి మంది గొర్రెలు మేపేవాడు. పిల్లల్లేరు. ఈశ్వరప్ప వాళ్ల మిద్దెకు చౌడు పోసేది తరతరాలుగా అక్కమ్మ ఇంటోళ్లే. వాళ్ల ఇంటి నిచ్చెన వేసుకునే హేమ పైకెక్కింది. గవాచి లోపలికి టేపు వదిలింది. కప్పు మందం తొమ్మిది కాదు, రెండడుగుల నాలుగంగుళాలు. బొక్క అంత లోతు గాబట్టే వెలుతురు తగ్గింది.

గవాచి చుట్టూ రాళ్లు మూడు వరసలు లేపి ఉండారంట. చౌడు పెరిగే కొద్దీ అది లోపలికి రాలకుండా ఒక్కో వరస లేపుకుంటా వచ్చినారు.

ఎందుకింత పెరిగిందని అడిగితే అక్కమ్మ చెప్పిందంట. ఏటా రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే, నూరు గంపల చౌడు కొత్తగా పోస్తారు. వానలు పడే కాలంలో సగానికి సగం కొట్టుకుని పోయేది, లెక్క సరిపోయేది. నాలుగేండ్లుగా వాన లేదు. కొట్టుకుని పోయింది గంపెడు లేదు.

"వాన లేనప్పుడు పోసేది నిలిపేయచ్చు గదక్కా?" అని అడిగిందంట.

"పోయకుంటే నువ్వు రావద్దులే అని వాన మొగం మిందనే చెప్పినట్ల గాదా పాపా?" అనిందంట అక్కమ్మ. "రాని ఏడు ఇంకో ఇరవై గంపలు ఎక్కువే పోస్తాం. మేము తయారుగా ఉండామని దానికి తెలియాల గదా."

సోమవారం పొద్దున నా బల్ల మింద కాగితాలు పరిచి లెక్క వేసింది. ఎండు చౌడు బరువు ఇంత. తడిస్తే ఇంత. నడిమి దూలం ఇప్పటికే రెండంగుళాలు వంగిందంట, దారం కట్టి చూసి వచ్చింది. "ఎండగా ఉండాది గాబట్టి నిలబడిందన్నా. ఒక్క గట్టి వాన పడితే నలభై మంది మింద పడతాది." నాకు భయమేసింది. తొమ్మిది చెప్పింది నేనే గదా.

ఇద్దరం సారు కాడికి పోతిమి. ఆయన అంతా విన్నాడు, నవ్వినాడు.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికమ్మా తెలుసు? వాన యాడుంది ఈ జిల్లాలో? నువ్వు కాగితం ఇయ్యకుంటే ఆ ఊరికి బియ్యం ఆగిపోతాయి. ఎల్లుండి ఆఖరు దినం. మిద్దె ఎప్పుడో పడేది, ఆకలి ఈ నెలలోనే చంపేది. ఏది కావాల్నో నువ్వే చెప్పు."

ఆయన చెప్పిందీ నిజమే. ఆ ఊర్లో అంత పెద్ద కప్పు ఇంకోటి లేదు, ఎండలో కూర్చోబెట్టి గంజి పోయలేరు. ఆ పాప రెండు దినాలు సరిగా తినల్యా. మూడోనాడు నా పక్కన వచ్చి నిలబడి, "ఏం చేద్దామన్నా?" అనింది.

"పెట్టు తల్లీ సంతకం," అంటి. "బియ్యం రానీ. తర్వాత ఏదో ఒక దారి చూద్దాం."

పెట్టింది.

ఆ పొద్దు నుంచి ఆ పాపకు వాన అంటే భయం. అనంతపురం జిల్లాలో దేవుడి పటం ముందర నిలబడి వాన రావద్దని మొక్కుకునింది ఆ పాప ఒక్కతే అయ్యుంటాది. పొద్దున ఆఫీసుకు రాగానే కిటికీ కాడికి పోయి పడమర పక్క చూసేది. రేడియోలో వాతావరణం చెప్తే పని నిలిపేసేది. ఒక సాయంత్రం బళ్లారి పక్క మోడం పట్టింది. వీధిలో మనుషులంతా బయటికొచ్చి, చూడండ్రా చూడండ్రా అని మొగాలు పైకెత్తి నిలబడినారు. ఈ పాప నా బల్ల పట్టుకుని నిలబడింది. మోడం చెదిరిపోయింది. వీధిలో వాళ్లు ఉసూరుమన్నారు, ఈ పాప నీళ్లు తాగింది.

ఆషాఢంలో ఆడోళ్లు రోకలికి కప్పను కట్టుకుని, పాట పాడుకుంటా ఇల్లిల్లూ తిరుగుతారు. కప్ప మింద చెంబెడు నీళ్లు పోస్తే వాన వస్తాదని మాలో నమ్మకం. మా ఆఫీసు ముందరకీ వచ్చినారు. చెంబు హేమ చేతికి ఇచ్చినారు, కన్నెపిల్ల గదా, పొయ్యమని. ఆ పాప చెంబు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. పొయ్యదు, ఇయ్యదు. ఆడోళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. "ఏం పాపా, చెంబెడు నీళ్లకు కూడా కరువా మీ ఇంట్లో?" అని ఒకామె అనేసింది. నేనే చెంబు లాక్కుని పోసినా.

లోపలికి వచ్చి ఏడ్చింది. "పొద్దున నాయన ఫోన్ చేసినాడన్నా. మా ఊరి పక్క మోడం కమ్మిందంట, ఈ ఏడన్నా నాలుగు గొర్రెలు కొనుక్కోవచ్చేమో పాపా అంటాండాడు. ఆయనతో ఏమని చెప్పాల? వాన వద్దని ఎట్ల చెప్పాల?"

నాకు కోపం వచ్చింది. ఎవురి మింద అని తెలియదు. "ఏడిస్తే చౌడు తగ్గదు. పోయి తీసేయిద్దాం పద," అంటి.

ఈశ్వరప్ప అరుగు మిందనే అడ్డం చెప్పినాడు. "ఏమప్పా రామదాసు, నీకు మతి ఉండాదా? నాలుగేండ్లు వాన లేక చస్తాంటే మిద్దె మింద చౌడు తీయమంటావా? ఊరు నన్ను బతకనిస్తాదా?"

హేమ లెక్కలు చెప్పింది, దూలం చూపించింది. ఆయన కాగితం వైపు కూడా చూడల్యా. కడకు, "ఆ మిద్దె మింద చౌడు అక్కమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టుకోదు. ఆమె తీస్తానంటే నేను అడ్డం రాను. ఆమె తీయదులే," అన్నాడు.

అక్కమ్మ గంజి కేంద్రం ముందర గిన్నెలు తోముతాండె. తినేదీ ఆడనే గదా. హేమ పక్కన గొంతుక్కూర్చుని అంతా చెప్పింది. ఇంజినీరు మాటల్లో కాదు. "అక్కా, నువ్వు రోజూ పండుకునే చోట కప్పు నీ మింద పడతాది," అనింది. అక్కమ్మ తోమే గిన్నె కింద పెట్టి మిద్దె పైకి చూసింది.

"నా చెయ్యి పోసిందే గదా, నా చెయ్యే తీస్తాది," అనింది కడకు. "కానీ పాపా, ఒక మాట. మిద్దె మింద కూర్చున్న చౌడును కింద పారేయకూడదు. మందీ గొడ్లూ తొక్కితే వానను తొక్కినట్ల. మిద్దె మింద చౌడు మిద్దె మిందికే పోవాల."

"మరి యాడికి పోతాదక్కా?"

"ఊర్లో ఇంటికి రెండు గంపలిస్తా, శకునానికి. మిగిలింది మా మిద్దె మింద పోసుకుంటా. మా ఇంటికి చౌడు పోసి ఎన్నేండ్లాయనో. మంది మిద్దెలకు పోసేసరికే మాకు ఓపిక ఉండదు. పెద్దింటి చౌడు, పాతది, నూనె మాదిరి ఉంటాది. మా రేకుల తలుపు ఇంటికి అంత భాగ్యం యాడొస్తాది?"

హేమ ఆమె రెండు చేతులూ పట్టుకునింది. "అట్లే కానీ అక్కా. పోసుకో."

నేను ఆడనే ఉండా. విన్నా. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అని నవ్వినా కూడా. దుడ్లు ఖర్చు లేదు, ఊరి నోరు లేవదు, చౌడు తరుగుతాది. అంత తెలివైన దారి ఎవురికి దొరుకుతాది అనుకున్నా. ఇన్నేండ్లు మిద్దెలు గీసినోణ్ణి నేను, ఐదేండ్లు చదివింది ఆ పాప. ఇద్దరికీ తట్టల్యా. మా కండ్లు రెండూ పెద్ద మిద్దె మిందనే ఉండె.

అక్కమ్మ, పుల్లన్న, వాళ్ల వరస ఆడోళ్లు ముగ్గురు చౌడు దించి మోసినారు. తొమ్మిది దినాలు పట్టింది. నేను ఐదోనాడు పోయినా. గంపలు నెత్తిన పెట్టుకుని వీధి పొడుగునా పోతాండారు. అక్కమ్మ ఇల్లు చిన్నది, ఒకటే అంకణం గది, గోడలు మన్నుతో పెట్టిన రాళ్లు. పైన పుల్లన్న కాళ్లతో చౌడు తొక్కి సాపు చేస్తాండాడు. "ఏం రామదాసన్నా, మా ఇల్లు కూడా పెద్దిల్లు అయిపాయ," అని అక్కమ్మ గంప దించి పకపకా నవ్వింది. నేను మాటవరసకు ఒక గంప ఎత్తి అందించినా. ఆ గంప బరువు నా చేతుల్లో ఇంకా ఉండాది.

తొమ్మిదోనాడు హేమ గవాచిలో టేపు వదిలి కొలిచింది. ఇప్పుడు నిజంగానే తొమ్మిది అంగుళాలు. గవాచి కింద నేల మింద వెలుతురు చాపంత పడింది. ఆ పాప ఆ వెలుతురులో నిలబడి పైకి చూసి నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎక్కిన వెంటనే నిద్రపోయింది, కళ్యాణదుర్గం దాకా లేవల్యా. ఎన్నో దినాల నిద్ర బాకీ ఉండె పాపం.

అక్టోబర్లో వాన పట్టుకునింది. ఒక దినం కాదు, నాలుగు దినాలు. చెరువులకు చుక్క చేరని ఊర్లలో వంకలు పారినాయి. మొదటి దినం హేమ ఆఫీసు వరండాలో చేతులు చాపి తడిసింది. సారు ఉండాడని కూడా చూసుకోల్యా. నాయనకు ఫోన్ చేసి, "నాయనా, వాన," అని ఆ ఒక్క మాటే చెప్పి నవ్వుతాండాది. ఆర్నెల్లు పంటి కింద పట్టి ఉంచిన సంతోషమంతా ఆ పొద్దు బయటపడింది. నేనూ ఒక్కరోజు కోపం లేకుండా గడిపినా.

మూడోనాటి నుంచి చెడు సుద్దులు రావడం మొదలాయ. ఫలానా ఊర్లో మిద్దె కూలింది, ఫలానా చోట గోడ పడింది. నాలుగేండ్లు ఎండిన మిద్దెలు ఒకేసారి తడిసె. హేమ పదకొండు ఊర్లకూ ఫోన్లు చేయించింది. పదకొండూ నిలబడినాయి. ఈశ్వరప్ప మిద్దెలో చుక్క కారల్యా, నలభై మందీ ఆడనే తలదాచుకున్నారంట. సంస్థవాళ్లు ప్రతాప్ సారుకు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. సారు నాతో, "ఒకటో తారీకు నుంచి ఆ అమ్మాయికి పర్మనెంట్ ఆర్డర్ టైపు చెయ్యి రామదాసు," అన్నాడు. టైపు చేసినా.

ఐదోనాడు కూలిన ఇండ్ల పట్టీ వచ్చింది. కూలిన ఇంటికి, పోయిన మనిషికి సర్కారు సాయం రావాలంటే ఇంజినీరు చూసి కాగితం రాయాల. బెళుగుప్ప పక్క ఊర్లు మా ఆఫీసుకు పడినాయి. హేమ ఆ పట్టీ తీసుకుని, వేలు పెట్టుకుని ఒక్కో వరస చదువుకుంటా పోతాండాది. వేలు ఒక చోట నిలిచిపోయింది. నేను లేచి పోయి చూసినా. అక్కమ్మ, భర్త పుల్లన్న, ఇల్లు పూర్తిగా కూలినది, మృతులు ఒకరు.

నాకు అర్థమయ్యేలోపే ఆ పాపకు అర్థమయింది. "అన్నా, ఆ ఇంటికి మనం లెక్క వేయల్యా," అనింది.

మేము పోయేసరికి అంతా అయిపోయింది. వాన తెరిపి ఇచ్చింది, వీధంతా బురద. వాన పట్టిన మూడోనాడు పగటేల, పుల్లన్న గొర్రెల కాడ ఉంటే, అక్కమ్మ గంజి కేంద్రంలో గంజి తాగి ఇంటికొచ్చిందంట. కేంద్రంలోనే ఉండు అని అందరూ చెప్పినారంట. మా ఇంటి మింద ఎంత చౌడుందో మీకేం తెలుసు, చుక్క కారదు, పోయి హాయిగా పండుకుంటా అనిందంట. హేమ కూలిన రాళ్ల మధ్యలోకి దిగింది. నేను వద్దన్నా వినల్యా. తడిసిన చౌడు పెళ్లలు పెళ్లలుగా పడి ఉండె, రెండడుగుల మందం. చేత్తో ముట్టుకుని చూసింది. టేపు తీయల్యా.

రెండు దినాలకు పుల్లన్న ఆఫీసుకు వచ్చినాడు, కాగితం కోసం. తల గొరిగించుకుని, పైగుడ్డ చేతిలో నలుపుకుంటా బల్ల ముందర నిలబడినాడు. హేమ ఎదురుగా ఫారం ఉండాది. ఇంటి పొడవు, వెడల్పు, గోడల రకం, అన్నీ రాసేసింది. కూలుటకు కారణము అనే గడి కాడ పెన్ను నిలిచింది.

"ఏం రాస్తాండావు పాపా?" అని నేను మెల్లగా అడిగినా.

"జరిగింది రాస్తా. నేను చెప్పి మోయించిన బరువని రాస్తా."

"అది రాస్తే ఆయనకు పైసా రాదు. మనుషులు చేసుకున్నదానికి సర్కారు ఇయ్యదు. వాన అని రాస్తేనే వస్తాది."

తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నేను మరిచిపోను. తర్వాత పుల్లన్న వైపు తిరిగి, "అన్నా, ఆ చౌడు మీ ఇంటి మింద పోసుకోమనింది నేను," అనింది.

పుల్లన్న తలూపినాడు. "అవునమ్మా, మా అక్కమ్మ చెప్పింది. ఆ చౌడు మా ఇంటికి వచ్చినాక ఆమె మొగం చూడాల్సింది మీరు. పెద్దిల్లు, పెద్దిల్లు అని రోజూ చెప్పుకునేది. నాలుగేండ్లు వాన వాన అని ఏడ్చింది, వచ్చి ఆమెనే తీసుకుపాయ. వానకు కండ్లు లేవమ్మా." పైగుడ్డతో మొగం తుడుచుకుని, "రాయండి. ఊర్లో అందరికీ మీరే రాసిచ్చినారంట," అన్నాడు.

హేమ తల వంచుకుని, ఆ గడిలో అధిక వర్షము అని రాసింది. తనిఖీ చేసినవారు అనే కాడ సంతకం పెట్టింది. ఆ పొద్దు ఒకటో తారీకు. పర్మనెంట్ అయినాక ఆ పాప పెట్టిన మొదటి సంతకం అది. పుల్లన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి ఆ పాపకు దండం పెట్టి పోయినాడు.